గడ్డిలో తేలిన చారలు

జూన్ 20, శుక్రవారం, ఉదయం పది గంటల అయిదు నిమిషాలు. విన్నీ స్ట్రాండ్ పెరట్లో ఆ పూట చచ్చి పడి ఉన్న తుమ్మెదలు తొమ్మిది. సోమవారం నాలుగు, బుధవారం ఆరు. మొత్తం పంతొమ్మిది.

రాష్ట్ర వ్యవసాయ శాఖ నుంచి వచ్చిన ఇన్‌స్పెక్టర్ కోరా లిండ్‌క్విస్ట్ మోకాళ్ళ మీద కూర్చుని వాటిని చిన్న పట్టకారుతో ఒక్కొక్కటే తీసి గాజు గొట్టంలో వేస్తోంది. విన్నీ వాకర్ పట్టుకుని నిలబడి చూస్తోంది. పక్కింటి ఓరిన్ డాల్కీ తన పెరటి అంచున నిలబడ్డాడు. రెండిళ్ళకీ మధ్య కంచె లేదు. తుమ్మెదల్ని చంపిన మందు ఎవరు చల్లారో ఆ ముగ్గురిలో ఓరిన్ ఒక్కడికే తెలుసు. చల్లింది అతనే.

ఈ వారమే కథలోకి వచ్చినవారికి, ఇంతవరకు జరిగింది నాలుగు ముక్కల్లో.

ఊరు మిన్నెసోటాలోని ఎల్మ్ ఫోర్డ్. విన్నీ భర్త లీలండ్ బతికి ఉండగా రెండిళ్ళ గడ్డీ ఒకే పచ్చికలా ఉండేది. ఓరిన్, లీలండ్ ఒకే వారంలో పరిపించారు, ఒకే రోజు కోసేవారు. లీలండ్ పోయాక రెండు వేసవులు ఆ గడ్డి కూడా ఓరినే కోసిపెట్టాడు. మూడో ఏడు విన్నీ ఇక వద్దంది. పెరట్లో సగం గడ్డి పీకించి నేలబారున పాకే తెల్లపూల మొక్క, క్లోవర్, విత్తనాలు చల్లింది. ఎండిన కాడల్ని మే నెల దాకా కోయనివ్వలేదు, రాలిన ఆకుల్ని ఊడ్వనివ్వలేదు. చలికాలం పురుగులకి అవే ఇళ్ళంది. ఈ ఏడు మే మొదటి వారంలో ఒక రాణి తుమ్మెద ఆమె షెడ్డు కింద, ఎలుకలు వదిలేసిన కన్నంలో గూడు పెట్టింది. దాని కూలితుమ్మెదల వీపు మీద తుప్పు రంగు మచ్చ ఉంటుంది. దేశంలో చాలా చోట్ల కనబడకుండా పోయిన జాతి. చంపితే నేరం.

మే 28న విన్నీ మెట్ల మీద జారి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. పన్నెండు రోజులు ఆసుపత్రిలో ఉంది. ఆ వీధిలో ఎవరైనా ఆసుపత్రిలో చేరితే రెండు పనులు అడక్కుండానే జరిగిపోతాయి. ఒకరు వాళ్ళ గడ్డి కోస్తారు. ఇంకొకరు ఇంటికొచ్చే రోజుకి మాంసం, బంగాళదుంపలు కలిపి ఓవెన్లో పెట్టే హాట్ డిష్ వండి పట్టుకెళ్తారు. మే 31న ఓరిన్ గడ్డి కోశాడు. జూన్ 9న అతని భార్య బెర్నడీన్ హాట్ డిష్ పట్టుకెళ్ళింది. కోత సంగతి వీధిలో అందరికీ తెలుసు. విన్నీ కారు దిగి, నేలమట్టంగా కోసేసిన క్లోవర్ని చివరి దాకా చూసింది. తర్వాత, "నీకు శ్రమ ఇచ్చాను ఓరిన్" అంది.

తెలియనిది ఇంకో పని. అదే రోజు ఓరిన్ తన లాన్‌కి వేరుపురుగు మందు కలిసిన ఎరువు గుళికలు చల్లాడు. చల్లే బండి పాతది. రెండు చక్రాల మీద ఒక తొట్టి, అడుగున వరసగా చిల్లులు. తన లాన్ పూర్తయ్యేసరికి తొట్టిలో మూడో వంతు మిగిలింది. మిగిలినదాన్ని సంచిలో పోస్తే గడ్డకడుతుంది. అతను ఆగలేదు. బండి తోసుకుంటూ హద్దు దాటి విన్నీ పెరట్లోకి వెళ్ళాడు. ఆ రాత్రి వాన పడింది. గుళికలు కరిగి వేళ్ళలోకి దిగాయి. పదిహేను రోజులకి క్లోవర్ మళ్ళీ పూసింది. వేళ్ళు పీల్చిన మందు పూల తేనెలోకి ఎక్కింది. ఆ పూల మీదికి తుమ్మెదలు వచ్చాయి.

ఓరిన్ తెలియక చేశాడనడానికి లేదు. ఇరవై తొమ్మిదేళ్ళుగా ఊరి పార్కుల ఫోర్‌మన్. మందు చల్లడానికి అతనికి లైసెన్సు ఉంది. పరాయి వాళ్ళ నేల మీద అనుమతి లేకుండా చల్లితే లైసెన్సు పోతుంది, దానితో ఉద్యోగమూ పోతుంది. అక్టోబరులో రిటైర్మెంట్.

అనుమానం డూయీ ప్రూయిట్ మీద పడింది. లాన్‌లకి మందు కొట్టడం అతని వృత్తి. జూన్ 3న విన్నీకి అవతలి పక్కింట్లో కొట్టాడు. మంగళవారం ఇన్‌స్పెక్టర్ అతని లైసెన్సు ఆపించింది.

ఇక శుక్రవారం సంగతి.

కోరా ఆఖరి తుమ్మెదని గొట్టంలో వేసి మూత బిగించింది. కొన్ని క్లోవర్ పూలు తుంచి సంచిలో వేసుకుంది.

"గూట్లో ఇంకా ఎన్ని ఉండొచ్చంటారు?" అని అడిగింది.

"రోజూ తొమ్మిదింటికి షెడ్డు ముందు కూర్చుంటాను. పావుగంటలో ఎన్ని బయటికి వెళ్తే అన్ని నొక్కుతాను" అంది విన్నీ. ఆమె మెడలో దారానికి వేలాడే లెక్క యంత్రం ఉంది, బస్సు ఎక్కే పిల్లల్ని లెక్కపెట్టడానికి బడిలో వాడేది. "పోయిన శుక్రవారం ఇరవై రెండు. ఇవాళ మూడు."

"రాణి?"

"రాణి కనబడదు. లోపల ఉంటే గూడు ఉన్నట్టు. లేకపోతే లేనట్టు. చెయ్యి పెట్టి చూడలేం కదా."

ఓరిన్ వాళ్ళిద్దరినీ చూడటం లేదు. గడ్డిని చూస్తున్నాడు.

పది రోజుల కింద విన్నీ పెరట్లో క్లోవర్ మధ్య ఉన్న గడ్డిలో చారలు తేలాయి. ఎరువు పడిన చోట ముదురు, పడని చోట లేత. మొదటి రోజు కళ్ళు చికిలిస్తే గానీ కనబడలేదు. మర్నాడు కనబడ్డాయి. అప్పటి నుంచి ఓరిన్ పొద్దున లేవగానే కాఫీ కూడా పెట్టుకోకుండా వెనక కిటికీ దగ్గరికి వెళ్ళేవాడు. రోజురోజుకీ ముదురుతున్నాయి. మొత్తం ఎనిమిది చారలు. అతని మేపుల్ చెట్టు దగ్గర మొదలై, హద్దు దాటి, షెడ్డుకి మూడు గజాల ఇవతల ఆగుతాయి. కోసేస్తే పోవు. నీళ్ళు పెడితే ఇంకా ముదురుతాయి. చెయ్యగలిగింది ఏమీ లేదు. వాటిని చదవడం రానివాళ్ళకి అవి వాన కురిసిన గడ్డి, అంతే. విన్నీ అలాగే అనుకుంది. ఇన్‌స్పెక్టర్ తేనెటీగల విభాగం మనిషి, ఆమె నేల కేసి చూసింది తుమ్మెదల కోసం.

పదీ ఇరవైకి వీధిలో ట్రక్కు ఆగిన చప్పుడైంది. డూయీ ఇంటి పక్క నుంచి నడిచి వచ్చాడు. చేతిలో కాగితాల అట్ట.

"కాగితాలు తెచ్చారా, ప్రూయిట్ గారూ?"

"తెచ్చానండి. మూడు రోజులుగా పని లేదు కదా, వరస పెట్టి సర్దాను. ఇంత శుభ్రంగా నా పెళ్ళి కాగితాలు కూడా లేవు."

"వెటకారం తర్వాత, డూయీ" అంది విన్నీ.

"గుడ్ మార్నింగ్ టీచర్. తుంటి ఎలా ఉంది?"

"పర్లేదు."

"పర్లేదంటే నొప్పి బాగా ఉన్నట్టే."

విన్నీ ముప్పై నాలుగేళ్ళు ఊరి హైస్కూల్లో సైన్సు చెప్పింది. డూయీ ఆమె శిష్యుడు. ఆ తర్వాత మూడు వేసవులు పార్కుల్లో ఓరిన్ కింద పని చేశాడు. మందు కొట్టడం, బండి తోయడం ఓరిన్ దగ్గరే నేర్చుకున్నాడు.

"ఏప్రిల్లో నీ మందు గాలికి కొట్టుకొచ్చి నా మొక్కల మీద పడుతోందని చెప్తే ఏమన్నావు?" అని అడిగింది విన్నీ.

"కలుపు మొక్కలకి కూడా ఏడ్చేవాళ్ళుంటారా అన్నాను. అనకుండా ఉండాల్సింది. ఆ మాట నాదే, ఒప్పుకుంటా. ఈ పని నాది కాదు టీచర్."

"మరి ఎవరిది?"

"నాకేం తెలుసు? మీ క్లాసులో నాకు వచ్చింది సి గ్రేడు."

"సి మైనస్."

కోరా అతని కాగితాలు చూసింది. జూన్ 3, ఉదయం తొమ్మిది గంటల నలభై నిమిషాలు, గాలి గంటకి నాలుగు మైళ్ళు, పడమర నుంచి. మందు పేరు, పాళ్ళు, ట్యాంకులో ఎంత కలిపిందీ. అది ఆకు మీద కొట్టే నీటి మందు, కలుపు చంపేది.

"గాలి పడమర నుంచి అంటే మీ మందు ఇటే వచ్చింది" అంది కోరా.

"నాలుగు మైళ్ళ గాలికి ఇంత దూరం రాదండి. వచ్చినా అది పురుగుల మందు కాదు. ఎక్కడ చచ్చాయో చూపించండి."

కోరా చూపించింది. డూయీ రెండడుగులు వేసి ఆగాడు.

ఓరిన్ అతని మొహమే చూస్తున్నాడు. డూయీ కళ్ళు తుమ్మెదలు పడిన చోటు నుంచి పక్కకి జరిగాయి. ఒక చార మీదికి. దాని పక్క చార మీదికి. అతను టోపీ వెనక్కి తోసుకున్నాడు. చార అంచున ఒక బూటు పెట్టాడు, దాని ముందు రెండో బూటు ఆనించాడు. రెండు బూట్ల పొడుగుకి చార వెడల్పు అయిపోయింది. అతని బూటు పదకొండు అంగుళాలు. నేర్పే రోజుల్లో దూరం కొలవడానికి ఆ లెక్క చెప్పింది ఓరినే. చల్లే బండి తొట్టి వెడల్పు ఇరవై రెండు అంగుళాలు.

డూయీ చార వెంట షెడ్డు వైపు నడిచాడు. చార చివర వంగి కూర్చున్నాడు. అక్కడ అరచెయ్యంత మచ్చ ఉంది, చార కంటే ముదురు. ఒక చార విడిచి ఇంకోటి. మళ్ళీ ఒకటి విడిచి ఇంకోటి. బండి తిప్పే ముందు తొట్టి మూత వెయ్యాలి. వెయ్యకుండా తిప్పితే గుళికలు అక్కడ కుప్పగా పడతాయి. ఓరిన్ ఇన్నేళ్ళలో కనీసం యాభై మంది కుర్రాళ్ళకి ఆ మాట చెప్పాడు. కానీ అతని ఎడమ మోకాలు బాగాలేదు. ఆ కాలి మీద తిరిగేటప్పుడు రెండు చేతులూ పిడి మీదే ఉంచుతాడు, మూత ఒక క్షణం ఆలస్యంగా వేస్తాడు. మచ్చలన్నీ ఎడమ మలుపుల దగ్గరే ఉన్నాయి. కుడి మలుపుల దగ్గర ఒక్కటి కూడా లేదు.

డూయీ తలెత్తి చారల వెంట వెనక్కి చూశాడు. హద్దు దాకా. హద్దు దాటి మేపుల్ చెట్టు దాకా. తర్వాత ఓరిన్ మోకాలు కేసి చూశాడు.

"ఏమైనా కనబడిందా?" అని అడిగింది కోరా.

డూయీ లేచాడు. మోకాలికి అంటిన మట్టి దులుపుకున్నాడు.

"గడ్డి" అన్నాడు.

"గడ్డి నాకూ కనబడుతోంది."

"చారలు ఉన్నాయి చూడండి. నీటి మందు కొడితే చారలు రావు. ఇది ఎరువు కలిసిన గుళికలు. నా ట్రక్కులో గుళికలు ఉండవు, కావాలంటే వెతుక్కోండి. ఇది ఎవరో బండితో చల్లారు."

"ఎవరో?"

"నేను చూడలేదు కదండీ."

విన్నీ వాకర్‌ని ముందుకి జరిపి గడ్డిని చూసింది. మొదటిసారి చూసినట్టు చూసింది. ఓరిన్ అరచేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు.

"డాల్కీ గారూ, మీరు ఊరి పార్కులు చూస్తారు కదా?" అని కోరా అతని వైపు తిరిగింది. "ఈయన చెప్పేది నిజమేనా?"

"నిజమే. గుళికల చారలే అవి" అన్నాడు ఓరిన్. గొంతు మామూలుగానే వచ్చింది. అందుకు అతనికే ఆశ్చర్యమేసింది.

కోరా సంచిలోంచి ఫారాల కట్ట తీసింది. వరసలో ఉన్న ఆరిళ్ళకీ తలా ఒకటి. మే 15 తర్వాత ఏ మందు, ఎప్పుడు, ఎక్కడ చల్లారో రాసి సంతకం పెట్టాలి. కింద ఒక వాక్యం లావు అక్షరాల్లో ఉంది. తెలిసి అబద్ధం రాసి సంతకం పెడితే శిక్షార్హం.

"నాలుగింటికి వచ్చి తీసుకుంటాను. ముందే రాసేస్తే నాకు ఫోన్ చెయ్యండి" అంది. విన్నీకి తన కార్డు ఒకటి ఇచ్చింది. డూయీతో, "అప్పటి దాకా మీ లైసెన్సు విషయం అలాగే ఉంటుంది" అంది.

డూయీ ట్రక్కు ఓరిన్ ఇంటి ముందే ఆపాడు. ఓరిన్ వెనకాలే వెళ్ళాడు. డూయీ తలుపు తీసి ఎక్కకుండా నిలబడ్డాడు.

"ఆ బండి ఇంకా గరాజ్ గోడకే వేలాడుతోందా, బాస్?"

ఓరిన్ గరాజ్ తలుపు కేసి చూశాడు.

"ఈ వీధిలో అలాంటిది ఇంకెవరికీ లేదు. మిగతా అందరివీ గుండ్రంగా చిమ్మేవి. మీరు మాతో అనేవారు గుర్తుందా, చిమ్మేది సోమరి చేతికి, పెట్టె బండి పనివాడి చేతికి అని."

"గుర్తుంది."

"తిప్పే ముందు మూత వెయ్యరా వెధవా అని నన్ను ఎన్నిసార్లు తిట్టారు!"

"డూయీ..."

"ఆగండి, నన్ను చెప్పనివ్వండి. మళ్ళీ ధైర్యం రాదు. ఆవిడ అడిగినప్పుడు మీ పేరు నా నాలిక మీదే ఉంది. మింగేశాను. ఎందుకో నాకే తెలీదు. మీరు నాకు పని నేర్పారు, నాన్న పోయినప్పుడు మా గడ్డి కోశారు, అది కావచ్చు. కానీ జూన్ నెలలో నేను ఇంట్లో కూర్చుంటే జూలైలో నా దగ్గర ఒక్క ఇల్లు మిగలదు. వేరేవాళ్ళని పెట్టేసుకుంటారు. పెట్టుకుంటున్నారు కూడా."

"నాకు తెలుసు."

"అయితే మీరే చెప్పండి. నాలుగింటి లోపు. నేను చెప్పను. నేను చెప్పాల్సి వస్తే మీ మొహం మళ్ళీ చూడలేను."

ట్రక్కు ఎక్కి అద్దం దించాడు.

"అసలు ఎందుకు చల్లారు బాస్? ఆవిడ ఆ పెరడు ఎంత ముద్దుగా చూసుకుంటుందో మీకంటే ఎవరికి తెలుసు?"

"తొట్టిలో మిగిలింది" అన్నాడు ఓరిన్.

డూయీ అతన్ని కాసేపు చూసి ట్రక్కు పోనిచ్చాడు.

వంటింట్లో బెర్నడీన్ పుల్లటి రూబార్బ్ కాడలు తరుగుతోంది. కిటికీలోంచి అంతా చూసింది. ఓరిన్ ఫారం బల్ల మీద పెట్టాడు. ఆమె చేతులు తుడుచుకుని, కళ్ళజోడు పెట్టుకుని, రెండుసార్లు చదివింది.

"వాడికి తెలిసిపోయిందా?"

"ఊఁ."

"చెప్తాడా?"

"చెప్పనన్నాడు. నన్నే చెప్పమన్నాడు."

"మన లాన్‌కి చల్లాం అని రాయి. అది నిజమే కదా. పక్కకి కొంచెం పడిందేమో అని రాయి."

"ఎనిమిది చారలు పడ్డాయి బెర్నీ. కొంచెం కాదు."

"అక్టోబరుకి ఇంకా నాలుగు నెలలే ఉంది. ఇరవై తొమ్మిదేళ్ళు మంచులో, ఎండలో ఆ పార్కులకి చాకిరీ చేశావు. ఆ మోకాలు అక్కడే పోయింది. ఇప్పుడు పురుగుల కోసం అంతా వదులుకుంటావా?"

"పురుగుల కోసం కాదు. డూయీ కోసం." కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "ఇంకొకటి కూడా ఉంది. తొట్టిలో మిగిలిందని డూయీతో అన్నాను. నీతో కూడా అదే అన్నాను. అది నిజమే గానీ అంతా అదే కాదు."

బెర్నడీన్ కత్తి పక్కన పెట్టింది.

"ఆ రోజు ఆవిడ గడ్డి కోశాక వెనక్కి తిరిగి చూశాను. రెండు పెరళ్ళూ మళ్ళీ ఒకటే అయిపోయాయి. లీలండ్ ఉన్నప్పటిలా. నాకెంత బాగుందో చెప్పలేను. అది అలాగే ఉండాలనిపించింది. అందుకే చల్లాను. ఆసుపత్రిలో పడి ఉన్న మనిషి పెరడు, అడగడానికి మనిషి లేదు. అందుకే చల్లాను."

బెర్నడీన్ కళ్ళజోడు తీసి ఫారం మీద పెట్టింది. తర్వాత లేచి శాండ్‌విచ్ చేసి అతని ముందు పెట్టింది.

"తిను. ఒంటిగంటకి బేస్‌బాల్ గ్రౌండ్ గీతలు గియ్యాలన్నావు కదా. రేపు పిల్లల మ్యాచ్‌లు. ఆ పని చూసుకుని రా. నాలుగింటికి కదా ఆవిడొచ్చేది."

"వచ్చాక విన్నీకి ముందు చెప్తాను. తర్వాత ఇన్‌స్పెక్టర్‌కి."

"సరే" అంది బెర్నడీన్.

అంత త్వరగా ఒప్పుకోవడం ఆమె స్వభావం కాదు. ఓరిన్ అది గమనించే స్థితిలో లేడు. ఫారం బల్ల మీదే వదిలేసి వెళ్ళాడు.

బాల్ గ్రౌండ్ అంచున గడ్డిలో క్లోవర్ ఉంది. ఇరవై తొమ్మిదేళ్ళుగా ప్రతి వసంతంలో దాన్ని చంపించడమే అతని పని. సున్నం గీత గీస్తూ రెండుసార్లు ఆగాడు. పూల మీద తేనెటీగలు ఉన్నాయి. తుమ్మెద కోసం చూశాడు. లేదు. మూడో బేస్ గీత వంకర వచ్చింది. చెరిపి మళ్ళీ గీశాడు. చెప్పాల్సిన మాట నోట్లో వరస పెట్టుకున్నాడు. విన్నీ, అది నేను. విన్నీ, ఆ గుళికలు నావి. ఏది అనుకున్నా తర్వాత ఆమె ఏమంటుందో ఊహకి రాలేదు. ఆమె పెద్దగా అరవదు. పర్లేదు అంటుందేమోనని అతనికి భయం.

మూడూ నలభైకి ఇంటికొచ్చాడు. బండి తీసుకెళ్ళి విన్నీ ముందు పెట్టి చెప్దామనుకున్నాడు. అది ఎదురుగా ఉంటే మాట మార్చుకోలేడు.

గరాజ్ తలుపు ఎత్తాడు. గోడకి మేకులు రెండూ ఉన్నాయి. బండి లేదు.

వంటింట్లోకి వెళ్ళాడు. బెర్నడీన్ లేదు. బల్ల మీద ఫారం లేదు. తరిగిన రూబార్బ్ అలాగే ఉంది.

పచ్చిక మీదుగా విన్నీ ఇంటికి నడిచాడు. తనకే తెలియకుండా చారల మీద కాలు పడకుండా నడిచాడు. వెనక వరండాలో, మెట్ల పక్కన, చల్లే బండి నిలబెట్టి ఉంది. తొట్టి అడుగున తెల్లటి పొడి ఇంకా అంటుకుని ఉంది.

విన్నీ తలుపు తీసింది.

"రా. నువ్వొస్తావనుకుంటున్నాను."

"బెర్నీ వచ్చిందా?"

"రెండింటికి వచ్చింది. బండి తోసుకుంటూ. మే 31న నువ్వు గడ్డి కోసి లోపలికి వెళ్ళాక ఆ గుళికలు తనే చల్లిందట. తొట్టిలో మిగిలిందని. నీకు తెలియదంది. ఫారం రాసి సంతకం పెట్టి నాకు చూపించింది. ఇక్కడి నుంచే ఇన్‌స్పెక్టర్‌కి ఫోన్ చేసింది. ఆవిడ మూడుంబావుకి వచ్చి ఫారం తీసుకెళ్ళింది. లైసెన్సు లేని ఇంటావిడ కాబట్టి జరిమానాతో పోవచ్చంది. డూయీకి సోమవారం లైసెన్సు వెనక్కి వస్తుందట."

ఓరిన్ తలుపు చట్రం పట్టుకున్నాడు. ఆమె వంటింటి కిటికీ అతని ఎదురుగా ఉంది. దాని ముందు ఒక కుర్చీ, కుర్చీ పక్కన కాఫీ కప్పు. కిటికీలోంచి అతని పెరడు మొత్తం కనబడుతోంది. మేపుల్ చెట్టు, గరాజ్ తలుపు, హద్దు.

"ముప్పై ఏళ్ళుగా ఈ కిటికీ ముందే కాఫీ తాగుతున్నాను" అంది విన్నీ. "ఒక్క మాట అడుగుతాను, నిజం చెప్పు. బెర్నడీన్ ఎప్పుడైనా ఆ బండి తోసిందా?"

"లేదు" అన్నాడు ఓరిన్. "ఒక్కసారి కూడా లేదు. అది నేను, విన్నీ."

ఆమె పర్లేదు అనలేదు. మెడలోని లెక్క యంత్రాన్ని వేళ్ళతో తిప్పుతూ నిలబడింది.

"ఇవాళ పొద్దున మూడు" అంది చివరికి. "అది పొద్దున. మధ్యాహ్నం మళ్ళీ కూర్చున్నాను. ఒకటి." గోడ ఫోన్ దగ్గర ఉన్న కార్డు తీసి అతనికి ఇచ్చింది. "ఏం చెయ్యాలో నీకు నేను చెప్పను. నంబరు అదిగో."

ఫారం కింద లావు అక్షరాల్లో ఉన్న వాక్యం ఓరిన్‌కి గుర్తుంది. తను నోరు విప్పితే డూయీకి, విన్నీకి నిజం దక్కుతుంది. అబద్ధానికి సంతకం పెట్టిన నేరం బెర్నడీన్ మీద పడుతుంది.

అతను ఫోన్ తీసి నంబరు నొక్కాడు. ఒక రింగు. రెండు. మూడో రింగుకి అవతల ఎత్తారు.

"కోరా లిండ్‌క్విస్ట్."

వెనక వరండా మెట్ల మీద అడుగుల చప్పుడైంది. తెర తలుపు తెరుచుకుంది.

"ఆ ఫోన్ పెట్టెయ్, ఓరిన్" అంది బెర్నడీన్.

"హలో? ఎవరండీ?" అంది అవతలి గొంతు.

గోడ గడియారంలో నాలుగు కావడానికి ఆరు నిమిషాలుంది. ఫోన్ ఓరిన్ చేతిలోనే ఉంది. లైను తెగలేదు.

(సశేషం)